రొయ్యలవలలో తలుపు: కొన్ని అపోహలు, వాస్తవములు

విశాఖపట్నము, కాకినాడ, నిజాంపట్నము మొదలగు రేవులనుండి రొయ్యలకై బయలుదేరు మరబోట్లు సముద్రపు టడుగున ఈడ్చుకొనిపోవు ట్రాలు వల, నోట వెడల్పై, పోను పోను సన్నగిల్లి, చివర ఒక సంచితో ముగియు మహాజాలము. దాని రెండు ప్రక్కలనుండు బరువైన పలకలు నీటి యొత్తిడిచే ఎడమెడముగా విచ్చుకొని వల నోటిని తెరచి యుంచగా, క్రింద వ్రేలాడు గొలుసులు నేలను రాచుకొనుచు ఇసుకలో ఒదిగియున్న రొయ్యలను లేపును. కాని లేచునవి రొయ్యలు మాత్రమే కావు. చేపపిల్లలు, పీతలు, టేకుచేపలు, సొరపిల్లలు, సముద్రసర్పములు, ఒక్కొక్కప్పుడు తాబేళ్లు సైతము ఆ సంచిలోనికే చేరును.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ననుసరించి, ప్రపంచ సముద్రములలో పట్టి, అక్కరలేదని తిరిగి నీటిపాలు చేయు జలచరముల తూకము ఏటికి 91 లక్షల టన్నులు. అందులో రమారమి 42 లక్షల టన్నులు నేలబారున ఈడ్చు ట్రాలు వలలవే. ఈ నష్టము వేటకు సహజమనియు, తప్పరానిదనియు నాకు తోచదు. వల కంఠమున, దాని సంచిలో, దాని యల్లికలో కొద్ది మార్పులు చేసి, అక్కరలేని జీవములను నీటిలోనే విడిచిపెట్టు విద్య నలువది యేండ్లకు పైగా పెరుగుచున్నది. ఐనను రేవులలోను, పత్రికలలోను, ప్రకృతి రక్షకుల సభలలోను గూడ ఈ విద్యను గూర్చి వ్యాపించియున్న అపోహలు అనేకములు. వానిలో కొన్ని మత్స్యకారులవి, కొన్ని మత్స్యకారులను నిందించువారివి.

అపోహ: తాబేలు నీటిజంతువు, నీటిలో మునిగి చావదు.

సముద్రపు తాబేలు మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. నిశ్చింతగా నున్నవేళ అది చాలసేపు నీటి యడుగున నుండగల మాట నిజమే. కాని వలలో చిక్కి పెనుగులాడునపుడు దేహమందలి ప్రాణవాయువు శీఘ్రముగా వ్యయమై, పైకి వచ్చు దారి లేక, అది మునిగి చచ్చును. మన తీరమున ఒక్కొక్క ఈడ్పు గంటల తరబడి సాగును. అమెరికా దేశమున, తాబేళ్లు తప్పించుకొనుటకై వలలో అమర్చు తాబేటి ద్వారము లేకుండ వల లాగుటకు అనుమతి గల కొన్ని పడవలకు వేసవిలో 55 నిమిషములు, శీతకాలమున 75 నిమిషములు మాత్రమే గడువు విధించుటలోని కారణ మిదియే. 1990లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తు తమ జలములలో మానవుని తక్కిన వ్యాపారము లన్నియు కలిసి చంపు తాబేళ్లకంటె రొయ్యల ట్రాలు వలలు చంపునవే యెక్కువయని నిర్ణయించెను.

వలనుండి తీసిన తాబేలు కదలకున్నంత మాత్రమున చచ్చినదని తలచి నీటిలోనికి విసరుట మరియొక పొరపాటు. అది స్పృహ తప్పి యుండవచ్చును. అట్టిదానిని నీట విడిచినచో తప్పక మునిగిపోవును. బోటుపై బోర్ల పరుండబెట్టి, వెనుకభాగమును కొంచెము ఎత్తుగా నిలిపి, తడిగుడ్డ కప్పి, గంటల తరబడి వేచియున్న యెడల ఊపిరితిత్తులలోని నీరు జారి, అనేకములు తేరుకొనును. ఈ సంగతి ప్రతి సరంగునకు, ప్రతి కళాసీకి తెలిసియుండుట ఎంతయు నవసరము. ఏలయన, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై ఒడిషాలోని గహిర్‌మాథ, ఋషికుల్య తీరములకు గుంపులు గుంపులుగాను, మన శ్రీకాకుళము మొదలుకొని నెల్లూరు వరకు గల ఇసుకతిన్నెలకు విడివిడిగాను వచ్చు శీతకాలమే రొయ్యల వేటకు గూడ ముమ్మరపు కాలము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని ప్రథమ షెడ్యూలున చేర్చియున్నది. ఐనను ఆ మాసములలో మన తీరమునకు కొట్టుకొనివచ్చు మృతదేహములను చూచి బాధపడని వాడు లేడు.

అపోహ: తాబేలు పోవు ద్వారమున రొయ్యలును పోవును, మత్స్యకారునకు మిగులునది నష్టమే.

మత్స్యకారులు మనసార నమ్ము అపోహ యిది. నమ్ముటకు వారికి కారణమును కలదు గాన, దీనిని నిదానముగా పరిశీలింపవలయును. తాబేటి ద్వార మనునది వల సంచికి కొంచెము ముందుగా, ఏటవాలుగా బిగించిన కమ్ముల చట్రము. రొయ్యలు, చిన్న చేపలు కమ్ముల సందులనుండి దూరి సంచిని చేరును. తాబేలు కమ్ములకు తగిలి, ఆ వాలు వెంబడి జారి, పైనగాని క్రిందనగాని గల రంధ్రమునుండి వెలుపలికి పోవును. ఆ రంధ్రముపై వలగుడ్డ రెప్ప యొకటి ఉండి, నీటి ప్రవాహముచే మూసికొనియే యుండును. బరువైన దేహము తాకినపుడే తెరచుకొనును. ఇందు వాలు ముఖ్యము. చట్రము మరీ నిటారుగా నిలిచినచో తాబేలు జారదు, చెత్త చిక్కుకొని కమ్ములు పూడుకొనును. మరీ వాలిపోయినచో నీటి ధార రంధ్రమువైపు మరలి రొయ్యలను తనతో కొనిపోవును. రొయ్యలు పోయినవని మత్స్యకారుడు చెప్పిన మాట అబద్ధము కాకపోవచ్చును; కాని అది పెక్కుసార్లు ద్వారముయొక్క దోషము గాక, దాని బిగింపులోని దోషము.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలములకై రూపొందించిన చట్రమున కమ్ముల నడిమి యెడము విదేశీ నమూనాలకంటె ఎక్కువ. వారు వాడుక పరీక్షలలో కనుగొన్న నష్టము రొయ్యలలో నూటికి ఒకటికంటె తక్కువ, తక్కిన చేపలలో నూటికి రెండు మూడు. ఆస్ట్రేలియా ఉత్తర తీరపు రొయ్యల వేటలో 2000 సంవత్సరమున ఈ ద్వారమును, దానితోపాటు చేపలు తప్పించుకొనుటకై మరియొక ఉపకరణమును నిర్బంధము చేసిన పిమ్మట, పరిశోధకులు వేట పడవలపైననే లెక్కించి చూడగా, తాబేళ్లు పడుట 99 శాతము తగ్గెను. రొయ్యల రాబడి 6 శాతము తగ్గినమాట దాచవలసిన పని లేదు. కాని పెద్ద టేకుచేపలు, సొరలు, బరువైన స్పంజులు సంచిలో పడి రొయ్యలను నలుపుట తప్పినందున, చితికిపోయిన రొయ్యల పాలు 41 శాతము తగ్గెను. చితికిన రొయ్యకు, నిగనిగలాడు రొయ్యకు రేవులో పలుకు ధరల తారతమ్యము ఎరిగినవారు ఈ రెండు సంఖ్యలను కలిపియే చదువుదురు.

ఇక న్యాయమైన అభ్యంతర మొకటి మిగులును. ఆ రంధ్రమున పెద్ద వంజరము, పెద్ద టేకుచేప సైతము పోవును. వాని వెల బోటు యజమానికే గాక కళాసీల వాటాకును చెందినది. ఈ నష్టమును మాటలతో కొట్టివేయువారు మత్స్యకారుని విశ్వాసమును పొందలేరు.

అపోహ: ఇది పరదేశపు పండితులు మనపై రుద్దిన ఉపకరణము.

దీని పుట్టుక మత్స్యకారుల చేతులలోనే జరిగినది. అమెరికాలోని జార్జియా తీరమున సింకీ బూన్ అను రొయ్యల మత్స్యకారుడు, వలలను నింపివేయు జెల్లీచేపల బెడద పడలేక వాటిని బయటికి నెట్టు చట్రము నొకటి చేసికొనెను; తాబేళ్లును దానినుండియే బయటపడుచున్నవని తరువాత తెలిసెను. సుమారు అదే రీతిని నార్వేలో, నూర్మేర్ ప్రాంతపు మత్స్యకారులు జెల్లీచేపలను తప్పించుకొనుటకే అల్లిన కమ్ముల చట్రమును శాస్త్రజ్ఞులు 1989 ప్రాంతమున పరీక్షింపగా, రొయ్యలతోపాటు నశించుచున్న చేపపిల్లలు దానివలన బ్రతుకుచున్నట్లు తేలి, అది ఉత్తర దేశముల రొయ్యల వేటలో విస్తరించినది. అమెరికా ప్రభుత్వ నిపుణులు తొలుత తయారుచేసిన తాబేటి ద్వారము పెద్దదై, బరువై, మోయుట కష్టమై మత్స్యకారులచే త్రోసివేయబడగా, వాడుకకు వచ్చినవి ఇట్టి తేలిక చట్రములే.

ఐతే నిర్బంధము మాత్రము పరదేశమునుండియే వచ్చినది. తాబేటి ద్వారము వాడని దేశముల రొయ్యలను కొనరాదని అమెరికా 1989లో చట్టము చేసి, 1996లో దానిని అన్ని దేశములకు విస్తరింపగా, భారత, పాకిస్తాన్, థాయిలాండ్, మలేషియా దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినవి. 1998లో అప్పీలు సభ్యులు తాబేళ్ల రక్షణ న్యాయమైన ఉద్దేశమే యనియు, ఆ చట్టమును అమలు జరిపిన తీరు మాత్రము వివక్షతో కూడినదనియు తీర్పు చెప్పిరి. ఉద్దేశమునకును తీరునకును గల ఈ భేదము మన దేశమున వినిపించు వాదములలో తరచు లుప్తమగుచున్నది.

అపోహ: వల కన్ను పెద్దది చేసినచో చాలును.

తాబేళ్లనుండి చేపపిల్లలకు వచ్చినచో ప్రశ్న మారును. చట్రపు సందులు పిల్లలను ఆపవు, వానిని విడిచిపెట్టవలసినది సంచియే. ఇచ్చట కన్ను పెద్దదగుట మేలే గాని, కొలత ఒక్కటియే సర్వము కాదు. జల్లెడ కన్నులు పిండి బరువుచే మారవు. వల కన్నులట్లు కావు. సాధారణముగా అల్లు వలలో కన్ను వజ్రాకారముననుండి, సంచి నిండి బరువెక్కిన కొలది పొడవునకు సాగి, ప్రక్కలు దగ్గరపడి, తుదకు చీలికయంత సన్ననిదై మూసికొనిపోవును. రేవులో కొలబద్ద పెట్టి చూచిన పెద్ద కన్ను నీటిలో చిన్నదగుట ఈ కారణముననే. అదే వలను ఏటవాలుగా త్రిప్పి కుట్టినచో దారములు కొన్ని పొడవునకు, కొన్ని అడ్డముగా నిలిచి, కన్ను చతురస్రమై, బరువు పడినను తెరచియే యుండును. కేరళ ప్రభుత్వము ట్రాలు వల సంచికి 35 మిల్లీమీటర్ల చతురస్రపు కన్ను విధించుట ఈ జ్ఞానముతోనే. ఐనను చందువవలె బల్లపరుపైన చేపపిల్లకు చతురస్రముకంటె వజ్రాకారమే అనుకూలము. గుండ్రని దేహము గల చేపకు చతురస్రము అనుకూలము. కన్ను నిర్ణయించువారు ముందు ఆ జలములలో తిరుగు చేపల ఆకారము నెరుగవలయును.

అపోహ: చెత్తచేప యైనను సొమ్మే, అమ్ముడుపోనిది నీట విడిచిన బ్రతుకును.

గంటల తరబడి సంచిలో నలిగి, పైకి లాగునపుడు ఒత్తిడి మారి గాలితిత్తి ఉబ్బి, ఎండలో కుప్పగా పడియున్న చేపలలో తిరిగి ఈదగలవి బహు తక్కువ. ఇక చెత్తచేపయని కుప్పగా కోళ్లమేతకు, చేపపొడికి అమ్ముడుపోవు దానిలో పెక్కు చెత్తచేపలు కావు. మంచి ధర పలుకు జాతుల పిల్లలే. ఒక్క యేడాది ఆగినచో పెరిగి సంతానము కని పిదప వలలో పడవలసినవి అవి.

అపోహ: ఒక్క ఉపకరణము అమర్చినచో అన్నియు రక్షింపబడును.

ఆస్ట్రేలియాలో 99 శాతము తాబేళ్లను కాపాడిన అమరికయే చిన్న చేపల విషయమున 8 శాతము మాత్రమే తగ్గించెను. ఏ జీవి వలలో ఎట్లు ప్రవర్తించునో తెలిసిననే ఏ ద్వారము ఎచ్చట నుంచవలెనో తెలియును. రొయ్యకు ఈదు శక్తి తక్కువ. నీటి వెంట కొట్టుకొనిపోవును. చేప వలతోపాటు ముందుకీదుచు, అలసినపుడు వెనుకకు వచ్చుచు, ప్రక్కల సందు వెదకును. అమెరికాలోని ఆరెగన్ తీరమున ఒక దశాబ్దము క్రిందట జరిగిన పరీక్ష దీనికి చక్కని నిదర్శనము: యూలకాన్ అను చిన్నచేపను తప్పించుటకై కమ్ముల చట్రము దగ్గర దీపములు కట్టగా, ఆ చేప పడుట తగ్గుటకు మారుగా రెట్టింపయ్యెను, అవే దీపములను వల నోటి అడుగుతాడు పొడవున కట్టగా నూటికి తొంబది పాళ్లు తగ్గిపోయెను.

మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేసిన మరియొక యత్నము నాకు ఎంతయు నచ్చినది. వారు వలకు రెండు సంచు లమర్చి, రొయ్యలు క్రింది సంచిలోనికి, పెద్దచేపలు పై సంచిలోనికి పోవునట్లును, పిల్లలు పై సంచి కన్నులనుండి జారిపోవునట్లును చేసిరి. 2005లో ప్రపంచ వన్యప్రాణి నిధి వారి అంతర్జాతీయ పోటీలో ఇది బహుమాన మందినది. పెద్ద చేప పోవునను కళాసీ బాధకు ఇందు సమాధానము కలదు, బోటుపై ఏరుకొను శ్రమయు తగ్గును.

అపోహ: ఏటేట వేట నిషేధ ముండగా ఇవన్నియు దేనికి?

తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టుకాలమున వానిని విడిచిపెట్టుట మేలైన నియమమే. కాని ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తీరమును చేరి గ్రుడ్లుపెట్టునది ముఖ్యముగా డిసెంబరు మొదలు మార్చి వరకు. నిషేధము మొదలగు నాటికి వలలో పడవలసినవి పడియే యుండును. ఒడిషా ప్రభుత్వము ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖములవద్ద 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుండి మే 31 వరకు వేరుగా నిషేధము విధించినది ఇందులకే. ఆ హద్దు దాటిన తాబేటికి గాని, మన తీరపు తాబేటికి గాని వలలోని ద్వారమే గతి. చేపపిల్లల మాటయు నిట్టిదే. నిషేధ మాసములలో పుట్టి, జూన్ నెలలో ఇంకను వ్రేలెడైన లేని పిల్లలే జూన్ 15న నీట దిగు మొట్టమొదటి వలలకు ఎదురుపడును. ఆనాడు ఆ వల సంచి కన్ను ఎంతయో, ఏ ఆకారమో అన్నదానిపై రెండు మాసముల త్యాగము ఫలించుటయో, ఒక్క వారములో కరగిపోవుటయో ఆధారపడియుండును.