గురి – గణన

విలువిద్య తెలుగువారికి కొత్తది కాదు. ద్రోణుడు శిష్యులను పరీక్షించిన వేళ అర్జునునికి పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించలేదన్న కథ పల్లెలలోని పిల్లలకు కూడా తెలుసు. ఆ పరీక్ష ఒక్క బాణంతో ముగిసింది. ఈనాటి ఒలింపిక్ క్రీడలలో విలుకాడు స్థాన నిర్ణయం కోసమే 72 బాణాలు వేయాలి. ఒకసారి గురి కుదరడం వేరు, డెబ్బై రెండుసార్లు కుదరడం వేరు. ఆ తేడాను కొలిచి చూపేదే స్కోరు.

ఒలింపిక్ క్రీడలలో రికర్వ్ విల్లుతో 70 మీటర్ల దూరం నుండి బాణం వేస్తారు. లక్ష్య ఫలకం వ్యాసం 122 సెంటీమీటర్లు. దానిపై ఒకే కేంద్రం గల పది వలయాలుంటాయి. వెలుపలి నుండి లోపలికి తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, పసుపు రంగులు. ఒక్కొక్క రంగులో రెండేసి వలయాలు. అన్నిటికంటె వెలుపలి వలయానికి 1 పాయింటు, నడిమి వలయానికి 10 పాయింట్లు. ఫలకానికి తగలని బాణానికి సున్న. రెండు వలయాల నడిమి గీతను తాకిన బాణానికి ఎక్కువ విలువనే ఇస్తారు. అందుకే విలువలు నమోదయ్యే వరకు బాణాలను ఎవరూ ముట్టుకోకూడదు.

పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు మాత్రమే. నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో కళాశాల మైదానంలో 70 మీటర్లు కొలిచి, ఆ కొసన ఒక టీ సాసరు నిలబెట్టి చూస్తే ఈ క్రీడలోని కష్టం కన్నులకు కడుతుంది. సరిగ్గా కేంద్రానికి వెళ్ళవలసిన బాణం దిశ ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతు మారితే చాలు, అది ఆ వలయపు అంచుకు చేరుతుంది.

ఈ రెండు పట్టణాలు పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానివి. 2022లో విజయవాడతో పాటు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. ఆ విజయవాడ నుండే బొమ్మదేవర ధీరజ్, వెన్నం జ్యోతి సురేఖ ప్రపంచ వేదికల మీదికి వెళ్ళారు.

2024 పారిస్ ఒలింపిక్స్ స్థాన నిర్ణయ పోటీలో ధీరజ్ 720కి 681 పాయింట్లు సాధించి నాలుగవ స్థానంలో నిలిచాడు. అంటే బాణానికి సగటున దాదాపు 9.46 పాయింట్లు. అయితే తరువాతి ముఖాముఖి పోటీలలో మొత్తం పాయింట్లను లెక్కించరు. మూడేసి బాణాలను ఒక సెట్‌గా లెక్కించి, గెలిచినవారికి 2, సమమైతే చెరి 1 ఇస్తారు. ముందుగా 6 అందుకున్నవారు విజేత. కెనడా క్రీడాకారుడు ఎరిక్ పీటర్స్‌తో ధీరజ్ 5–5తో సమంగా నిలిచాడు. చివరి బాణంతో ఇద్దరూ పదే సాధించారు. పీటర్స్ బాణం కేంద్రానికి మరింత చేరువలో ఉన్నందున ధీరజ్ ఓడిపోయాడు. పదిలోనూ తరతమ భేదం ఉందని ఆ పోటీ తెలిపింది.

సురేఖ ఉపయోగించే కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి. దూరం 50 మీటర్లు. ఫలకం కూడా చిన్నది. ముఖాముఖి పోటీలో 15 బాణాలకు 150 పాయింట్లు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో ఆమె దక్షిణ కొరియా క్రీడాకారిణి సో చేవాన్‌ను 149–145తో ఓడించింది. అంటే పద్నాలుగు బాణాలకు పదేసి, ఒక్కదానికి మాత్రమే తొమ్మిది. ఆ క్రీడలలో ఆమె మూడు స్వర్ణాలు గెలుచుకుంది.

స్కోరును పెంచుకోవాలంటే ముందు దానిని చదవడం నేర్వాలి. ఒక విద్యార్థి ఆరు బాణాలతో వరుసగా 8, 8, 8, 8, 8, 8 సాధించాడనుకుందాం. మరొకడు 10, 10, 9, 9, 7, 3 సాధించాడు. ఇద్దరి మొత్తమూ 48. కాని వారి లోపాలు ఒకటి కావు. మొదటివాని బాణాలన్నీ కుడివైపున ఒకేచోట గుమిగూడి ఉంటే అతని చేతిలో నిలకడ ఉన్నట్లే. విల్లుకు అమర్చిన గురి సాధనాన్ని బాణాలు పోయిన వైపుకే, అంటే కుడికి, కొద్దిగా జరిపితే గుంపు మొత్తం నడిమికి వస్తుంది. రెండవవాడు పోగొట్టుకున్న 12 పాయింట్లలో 10 పాయింట్లు రెండు బాణాలలోనే పోయాయి. అతడు సాధనాన్ని కదిలిస్తే మంచి బాణాలు కూడా చెడిపోతాయి. అతడు సరిదిద్దుకోవలసింది తన పద్ధతిని.

పద్ధతి అంటే ప్రతి బాణానికీ ఒకే విధంగా నిలబడడం, నారిని ముఖం మీద ఒకే చోటికి లాగడం, కుదుపు లేకుండా వదలడం, వదిలిన తరువాత కూడా విల్లు చేతిని వెంటనే దించకపోవడం. దీనిని అలవరచుకోవడానికి రంగుల ఫలకాన్ని తీసివేసి, అతి దగ్గర నుండి ఉత్త దిమ్మకు బాణాలు వేయిస్తారు. అంకెలు కనిపించనప్పుడు మనస్సు పద్ధతిపై నిలుస్తుంది. ఆ తరువాత దూరాన్ని క్రమంగా పెంచుతారు. ప్రతి బాణం పడిన చోటును, ఆనాటి గాలి తీరును పుస్తకంలో గుర్తించుకుంటే, వారం తిరిగేసరికి తప్పు ఎక్కడ మొదలవుతున్నదో బయటపడుతుంది.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని కూడా చేర్చారు. ఆ వేదికకు చేరే బాటలో ప్రతి విలుకానికీ వేల కొలది బాణాలు గురి తప్పుతాయి. మూడు పాయింట్ల బాణాన్ని చూచి సిగ్గుపడి లెక్క దాచుకున్నవాడికి అది నష్టం; ఎందుకు పడిందో రాసుకున్నవాడికి అది పాఠం.