మీకు తెలుసా? ఫరీదాబాద్ నుంచి ఇంటికి ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు

ఎన్‌హెచ్‌పీసీ ప్రధాన కార్యాలయం, ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఉన్న ఫరీదాబాద్‌కు సొంత విమానాశ్రయం లేదు. అక్కడ ఉద్యోగం చేసే తెలుగువాళ్లు పండక్కి ఊరెళ్లాలంటే ముందు ఢిల్లీ విమానాశ్రయం చేరుకోవాలి.

ఢిల్లీ, హైదరాబాద్ మధ్య గగన దూరం పిల్లల అట్లాసుతోనే తేల్చవచ్చు, తెలుసా? రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఢిల్లీ విమానాశ్రయం అక్షాంశం 28.57 డిగ్రీలు, శంషాబాద్‌ది 17.24. తేడా 11.33. డిగ్రీకి 60 నిమిషాలు, అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. గుణిస్తే 680 నాటికల్ మైళ్లు. ఒక్కో మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి సుమారు 1,260 కిలోమీటర్లు. పైలట్లు నేటికీ నాటికల్ మైళ్లలోనే లెక్క వేసుకుంటారు. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఈ లెక్క వాళ్లతో చేయించండి, భూగోళం ఎంత సొగసైనదో అర్థమవుతుంది.

హైదరాబాద్‌కు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఫరీదాబాద్ మీదుగానే వెళ్తుంది. పట్టాల దారి దాదాపు 1,670 కిలోమీటర్లు, ఒక పగలూ ఒక రాత్రీ దాటిన ప్రయాణం.

విమాన టికెట్ మీద రెండుంబావు గంటలని ఉన్నా, విమానం గాలిలో ఉండేది సుమారు గంటా ముప్పావే. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా గడిచిన సమయాన్నే ప్రయాణ సమయంగా రాస్తారు. రన్‌వే దాకా నడక, ముందున్న విమానాల వెనక వరుస, దిగే ముందు ఆకాశంలో చుట్టు తిరగడం, అన్నీ అందులోనే. పైగా పడమటి గాలి వీస్తుంటే విమానం గాలికి ఎదురుగా లేచి, ఆ తర్వాతే దక్షిణానికి తిరుగుతుంది.

చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ ఉధృతంగా వీస్తుంది. విశాఖ ఢిల్లీకి ఆగ్నేయంగా ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు ఆ గాలి తోడవుతుంది, తిరుగు ప్రయాణంలో ఎదురవుతుంది. హైదరాబాద్ విమానానికి మాత్రం పక్కగాలి. దారి తప్పకుండా ముక్కును కొంచెం పడమరకు తిప్పి ఎగరాలి, అందుకే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొద్దిగా వేగం తగ్గుతుంది.

ఎక్కువ దూరం తిరిగినా త్వరగా చేరవచ్చు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానాన్ని ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం పెరిగి 15,300 కిలోమీటర్లకు చేరింది. వెనకగాలి పుణ్యమా అని ప్రయాణం మాత్రం సుమారు 14న్నర గంటలకు తగ్గింది.

ఇక చిన్న ప్రయాణాల సంగతి. స్కాట్లండ్ మారుమూల దీవులు వెస్ట్రే, పాపా వెస్ట్రే మధ్య విమాన దూరం 2.7 కిలోమీటర్లు. రెండు నిమిషాలలోపు దిగేస్తారు. ఫరీదాబాద్ వాళ్లకు మెట్రోలో కల్కాజీ మందిర్ దగ్గర వయొలెట్ లైన్ దిగి, టెర్మినల్ 1 వెళ్లే మెజెంటా లైన్ ప్లాట్‌ఫామ్ చేరడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

మరి ఫరీదాబాద్‌కు దగ్గర్లో ఇంకో విమానాశ్రయం కట్టకూడదా? ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్లలోపు కొత్తది కట్టాలంటే 2008 కేంద్ర విధానం ప్రకారం ప్రత్యేక అనుమతి కావాలి. ఢిల్లీ విమానాశ్రయానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఫరీదాబాద్‌కు యమున అవతల ఉన్న జేవర్‌లో 2021 నవంబరులో శంకుస్థాపన జరిగింది అలాంటి అనుమతితోనే. 1930లో నిజాం కట్టించిన వరంగల్ మామునూరు విమానాశ్రయానికి శంషాబాద్ ఒప్పందంలోని ఇదే 150 కిలోమీటర్ల షరతు ఏళ్ల తరబడి అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. అక్కడి నుంచి తొలి విమానాల్లో ఒకటి ఢిల్లీకి వేస్తే ఓరుగల్లు వాళ్లకు హైదరాబాద్ దాకా పోయే రోడ్డు ప్రయాణం తప్పుతుంది.