మరుగు లేని మరుగుదొడ్డి

ఒక కట్టడానికి పెట్టిన పేరులోనే దాని ధర్మాన్ని చెప్పి ఉంచడం తెలుగువారికి అలవాటు. 'మరుగుదొడ్డి' అటువంటి పేరు. దొడ్డి అంటే ఇంటి వెనుకటి ఆవరణ. దానికి ముందు చేరిన మరుగు అంటే చాటు. ఆ చాటు తీసివేస్తే మిగిలేది దొడ్డి మాత్రమే. ఈ సంచికలోని ఉర్దూ విభాగాన్ని చదివే మిత్రులకు 'బైతుల్ ఖలా' అన్న మాట తెలియనిది కాదు. బైత్ అంటే ఇల్లు, ఖలా అంటే ఎవరూ లేని చోటు. ఏకాంతాన్ని చెప్పే 'ఖల్వత్' కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. రెండు భాషలవారు ఒకరినొకరు అడుగకుండానే ఒకే సంగతి చెప్పినారు. ముందు చాటు, తరువాతనే గోడలు, పైకప్పు, నీటి తొట్టి.

వార్షిక సంచికకు ఈ విషయమా అని మా సహాధ్యాపకులొకరు మందలించినారు. ఏటా వలెనే వేమన మీదనో కబీరు మీదనో వ్రాయవచ్చును కదా అన్నారు. ఇటువంటి విషయం చెప్పడానికి వేమన సంకోచించి ఉండేవాడు కాడని మా నమ్మకం. కావున వ్రాస్తున్నాము.

సందర్భం కూడా ఉన్నది. మన కళాశాల పాత భవనం వెనుక కట్టదలచిన కొత్త గదుల పటాన్ని ఈ సంవత్సరం అధ్యాపకులకు చూపించినారు. అందులో విద్యార్థులకు, విద్యార్థినులకు కలిపి ఒకే వరుసలో నాలుగు మరుగుదొడ్లు ఉన్నవి. తలుపులు నాలుగైనా దారి ఒకటి, చేతులు కడుగుకొనే తొట్టి ఒకటి, గదుల నడుమ గోడలు పైకప్పు దాకా పోనివి. స్థలం చాలదు, నిధులు చాలవు అన్నది యాజమాన్య సంఘం వారు చెప్పిన కారణం. ఆ కారణం అబద్ధం కాదు. వనస్థలిపురంలో గజం భూమి విలువ ఏమిటో మనకందరకు తెలుసు. "ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే స్నానాలగదిని వాడుకోవడం లేదా?" అని సంఘ సభ్యులొకరు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న గాలిలో నుండి పుట్టలేదు. హౌసింగ్ బోర్డు కాలనీలు వెలసిన నాటి నుండి ఇక్కడ ఎన్నో బడులు నివాస గృహాలలోనే ప్రారంభమైనవి. క్రింద రెండు గదులు, పైన మూడు గదులు, మెట్ల క్రింద ఒక మరుగుదొడ్డి. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటిలోనికి మూడు వందల మంది పిల్లలు వచ్చి చేరినారు. ఇంటిలో ఆ గదిని ఒకరి తరువాత ఒకరు, తమకు వీలైన వేళ వాడుకొంటారు. బయట నిలబడి ఉన్నది తమ్ముడో అన్నయ్యో. బడిలో అందరికీ వేళ ఒకటే, అది పది నిమిషాల విరామం. బయట నిలబడి ఉన్నవారు ఇరవై మంది, అందులో సగం మంది తలుపు తట్టేవారు, కొందరు నవ్వేవారు. గది అదే, గడియ అదే. అయినా ఇంటిలో ఉన్న చాటు బడిలో ఉండదు. చాటు అనేది గోడ వలన మాత్రమే కలగదు, బయట నిలబడి ఉన్నది ఎవరు అన్నదానిని బట్టి కూడా కలుగుతుంది.

ఇక ఆ గది ముందు బాలిక ఏమి చేస్తుంది? ఏమీ చేయదు. తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. మరునాటి నుండి ఇంటి వద్ద నీళ్ళు త్రాగడం మానివేస్తుంది. మేము పాఠం చెప్పే తరగతిలో వేసవి ఆరంభంలో విద్యార్థుల బెంచీల మీద నీళ్ళ సీసాలు మధ్యాహ్నానికి ఖాళీ కావడమూ, విద్యార్థినుల సీసాలు నిండుగానే ఇంటికి తిరిగిపోవడమూ చాలాకాలం మేము గమనించలేదు. గమనించిన తరువాత కారణం అడుగడానికి మాకు నోరు రాలేదు. ఒక అధ్యాపకురాలి ద్వారా తెలిసికొన్నాము. ఉదయం తొమ్మిది గంటలకు ఇల్లు విడిచినవారు సాయంత్రం ఇల్లు చేరే వరకు ఆపుకొంటున్నారు. నీరు తక్కువ త్రాగడం, మూత్రాన్ని గంటల తరబడి నిలిపివేయడం, ఈ రెండూ కలిసినపుడు సూక్ష్మక్రిములు మూత్రాశయంలో పెరగడానికి అవకాశం ఎక్కువ. స్త్రీ శరీరంలో మూత్రనాళం పొట్టిది కనుక క్రిములు లోనికి చేరడం మరింత సులభం. మంట, జ్వరం, నడుమునొప్పి అని సెలవు చీటీలలో వ్రాసే మాటల వెనుక ఉన్నది తరచుగా ఇదే.

నెలసరి సంగతి దీనికంటె కష్టమైనది. నాలుగు నుండి ఆరు గంటలకొకసారి గుడ్డనో న్యాప్‌కిన్‌నో మార్చుకోవలసిన అవసరం ఉంటుంది. అందుకు గడియ పడే తలుపు, గది లోపలనే నీరు, వస్త్రం తగిలించుకొనడానికి ఒక మేకు, వాడిన దానిని వేయడానికి మూత ఉన్న డబ్బా కావాలి. ఉమ్మడి వరుసలో కుళాయి బయట ఉంటుంది. బకెట్టు పట్టుకొని విద్యార్థుల మధ్య నుండి లోపలికి పోవలసి వస్తుంది. ఆ పని చేసే బాలిక ఎవరు? ఆ నాలుగు రోజులు ఆమె బడికి రాదు. నెలకు నాలుగు రోజులంటే సంవత్సరానికి ఎన్ని పాఠాలో లెక్క వేయడానికి గణితశాస్త్రజ్ఞులు అక్కర లేదు. హాజరు తక్కువైనదని పరీక్షకు ముందు ఆమెనే మనం మందలిస్తాము.

మనకు దూరంగా పోనక్కర లేదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న సరూర్‌నగర్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సుమారు 700 మంది బాలికలకు ఒకే మరుగుదొడ్డి ఉన్నదన్న సంగతి 2023లో పత్రికలకెక్కింది. విద్యార్థినులు ఆందోళన చేసినారు. న్యాయశాస్త్ర విద్యార్థి ఒకరు వ్రాసిన లేఖను తెలంగాణ హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యంగా స్వీకరించి ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వపు స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల ప్రకారం ప్రతి 40 మంది విద్యార్థులకు ఒక యూనిట్ ఉండడం మేలు. ఆ లెక్కన 700 మందికి పద్దెనిమిది కావాలి. అక్కడ ఉమ్మడి మరుగుదొడ్ల సమస్య లేదు గదా అని ఎవరైనా అనవచ్చును. కాని 'ఉన్నది గదా' అన్న ఒక్క మాటతో ఎంత దాచివేయవచ్చునో ఆ ఉదంతం చూపుతున్నది. లెక్కల పుస్తకంలో ఆ కళాశాల కూడా మరుగుదొడ్డి ఉన్న కళాశాలయే.

చట్టం ఏమంటున్నది? 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. దాని అనుబంధంలో ప్రతి పాఠశాలకు ఉండవలసిన వసతుల పట్టికలో 'బాలురకు, బాలికలకు వేరు వేరు మరుగుదొడ్లు' అని స్పష్టంగా ఉన్నది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆరు నెలలలోగా పాఠశాలలన్నింటిలో త్రాగునీరు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలసినదిగా రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశాలు అమలు కాలేదన్న కోర్టు ధిక్కార పిటిషన్ మన తెలుగు గడ్డ నుండే సుప్రీంకోర్టుకు చేరింది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించవలసి ఉన్నది. విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల పిల్లలకు, అనగా ఎనిమిదవ తరగతి వరకే వర్తిస్తుంది. పై తరగతులకూ, జూనియర్ కళాశాలకూ ఆ అనుబంధం చేయి చాచదు. చాటు అత్యవసరమైన వయస్సు మొదలయ్యే చోటనే ఆ చట్టం ముగుస్తున్నది. ఆ పై వయస్సు వారికి మిగిలినవి రాజ్యాంగమూ, యాజమాన్యాల మనస్సాక్షీ. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఆధార్ వ్యవహారం సందర్భంగా వచ్చినదే అయినా, వేలిముద్రకు ఉన్న గోప్యత దేహానికి లేదని ఎవరూ వాదించలేరు.

కలిపి కట్టినా కట్టినట్లే గదా, మొత్తం లేకపోవడం కంటె మేలే గదా అన్న వాదానికి మన దేశపు గణాంకాల నుండే సమాధానం వచ్చింది. 2003లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలలలో పెద్ద ఎత్తున మరుగుదొడ్లు కట్టించింది. వాటి ఫలితాన్ని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అంజలి అదుకియా పరిశీలించి 2017లో ప్రకటించినారు. చిన్న పిల్లల విషయంలో, మరుగుదొడ్డి ఉమ్మడిదైనా ప్రత్యేకమైనదైనా, బడిలో చేరేవారి సంఖ్య పెరిగింది. యుక్తవయస్సుకు వచ్చే బాలికల విషయంలో మాత్రం, వారికంటూ వేరుగా కట్టినపుడే చెప్పుకోదగిన పెరుగుదల కనబడింది. అనగా ఆరేండ్ల పిల్లకు చాలిన గది పదమూడేండ్ల పిల్లకు చాలలేదు. పటంలో ఒక గీత గీసి ఆదా చేసిన సొమ్ము ఎవరి చదువులో నుండి తీసినదో దీనితో తేటతెల్లమవుతున్నది.

కట్టిన తరువాతి కథ వేరు. ప్రభుత్వరంగ సంస్థలు పాఠశాలలలో కట్టించిన మరుగుదొడ్లను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేయించగా, 2020లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదికలో 1,967 సహవిద్యా పాఠశాలల సంగతి ఉన్నది. వాటిలో 99 బడులలో పనిచేసే మరుగుదొడ్డి ఒక్కటీ లేదు, 436 బడులలో ఒక్కటే ఉన్నది. కట్టిన వాటిలో నూటికి 72 చోట్ల కుళాయి నీరు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు–నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు–మన బడి, మన నగరాలలో మన బస్తీ–మన బడి అన్న పేర్లతో ప్రారంభమైన పథకాలలో నీటి సౌకర్యం గల మరుగుదొడ్లను ముఖ్యాంశంగా చేర్చడం ఈ అనుభవం వలననే అనుకొంటాము. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మ ఒడి సొమ్ములో నుండి వెయ్యి రూపాయలు తీసి మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మళ్ళించింది. తల్లికి ఇచ్చిన దానిలో నుండి తీయవలసి వచ్చినదేమని ఆక్షేపించినవారున్నారు. ఆక్షేపణ ఎట్లున్నా, కడగడానికి మనిషి, ఆ మనిషికి జీతం లేనిదే ఏ కట్టడమూ నెల దాటి నిలువదన్న సత్యాన్ని ఒక ప్రభుత్వం లెక్కలలో వ్రాసినది.

విదేశాలలో ఉమ్మడి మరుగుదొడ్లు ఆధునికతకు గుర్తని మన విద్యార్థులు కొందరు వాదించడం విన్నాము. సంగతి అంత సులువు కాదు. ఇంగ్లండులో 2012 నాటి పాఠశాల ఆవరణల నిబంధనల ప్రకారం ఎనిమిదేండ్లు నిండిన బాలబాలికలకు వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలి. లోపల నుండి గడియ వేసికొనగలిగి, ఒకసారికి ఒక్కరే వాడుకొనే పూర్తి గదికి మాత్రమే మినహాయింపు. స్కాట్లండులో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉమ్మడి మరుగుదొడ్లు మాత్రమే ఉంచగా తల్లిదండ్రులు న్యాయస్థానానికి పోయినారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు ఆఫ్ సెషన్ బాలురకు, బాలికలకు వేరుగా ఉండవలసినదేనని చెప్పింది. అక్కడ వాదన సిద్ధాంతం మీద పుట్టింది, ఇక్కడ పేదరికం మీద పుడుతున్నది. తేలిన ఫలితం మాత్రం ఒకటే.

వేరు చేయడమంటే ఇద్దరిని మాత్రమే తలచడం కాదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తృతీయ ప్రకృతి వారిని గుర్తించి, వారికి ప్రజామరుగుదొడ్లు వేరుగా ఏర్పరచవలసినదిగా ఆదేశించింది. రెండు వైపులా ఇబ్బంది పడే విద్యార్థి మన మధ్య ఉండవచ్చును, చెప్పుకోలేక ఉండవచ్చును. కాలికి గాయమైన వారికి, వికలాంగులకు కూడా పనికివచ్చే ఒక్క పూర్తి గది, నేలకు సమంగా, విడిగా ఉంటే ఎవరినీ ఏమీ అడుగవలసిన అవసరం ఉండదు. విద్యార్థుల వైపు కూడా తలుపు లేని గోడ కట్టి సరిపెట్టడం మంచిది కాదు. మగపిల్లవానికి సిగ్గు ఉండదని మనమెందుకు అనుకొంటామో మాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఇక మన పటం సంగతి. ఇద్దరు అధ్యాపకులము, ఒక అధ్యాపకురాలు, ముగ్గురు విద్యార్థినులు కలిసి ఒక శనివారం మధ్యాహ్నం టేపుతో వెనుక ఆవరణను కొలిచినాము. నాలుగు గదులను రెండేసిగా విడదీసి, విద్యార్థినుల రెండింటిని గ్రంథాలయం వైపు గోడకు జరిపితే అదనపు స్థలం అక్కర లేదు. ఒక అడ్డుగోడ, రెండవ దారి, మరొక చిన్న తొట్టి, ఇవే అదనం. గోడలను పైకప్పు దాకా లేపి, గాలికి వెంటిలేటరును తలకంటె ఎత్తున పెట్టాలి. కుళాయి లోపల ఉండాలి. తాళం చెవి కార్యాలయంలో ఉండరాదు. గుమాస్తాగారిని అడిగి తెచ్చుకోవలసిన తాళం చెవిని ఏ బాలికా అడుగదు. బోరు ఎండిపోయే ఏప్రిల్, మే నెలలలో ట్యాంకరు నీటిలో ఎంత వాటా ఆ తొట్టికి పోవాలో ముందే వ్రాసి ఉంచాలి. లేకుంటే మొదట ఎండేది ఆ తొట్టియే.

అడ్డుగోడ గ్రంథాలయం కిటికీలలో ఒకదానిని మూసివేస్తుందని గ్రంథపాలకులు అభ్యంతరం చెప్పినారు. ఆ కిటికీ వద్దనే పాత ఉర్దూ పత్రికల బీరువాలు ఉన్నవి, వెలుతురు తగ్గుతుందన్నారు. నిజమే. అక్కడ ఒక ట్యూబులైటు పెట్టవచ్చునని విద్యార్థినులలో ఒకరు సూచించినారు. గ్రంథపాలకులు కొంతసేపు ఆలోచించి, రెండు పెడితే అభ్యంతరం లేదన్నారు. సవరించిన పటాన్ని, ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన అర్జీతో జతచేసి, విద్యార్థినులే స్వయంగా కార్యదర్శిగారికి అందజేసినారు. దానిలో రెండు ట్యూబులైట్లు కూడా గుర్తు పెట్టి ఉన్నవి.