ఇరవై ఏడు సెకన్లలో దాగిన దూరం

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల అడుగున భూమి కదిలింది. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు అని ఢిల్లీలోని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ప్రకటించింది. అది చదివిన రాజమహేంద్రవరం పాఠకుడొకరు ఇలా అడిగారు: "అడవిలో చూసినవాళ్లు లేరు. ఎక్కడో ఢిల్లీలో కూర్చుని ఫలానా చోటే అని ఎలా పట్టుకున్నారు?" ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టాల్సిందే.

ముందు నేల సంగతి రెండు మాటల్లో. భారత పలక ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి మన పాత రాళ్లలోని పగుళ్ల మీద, అంటే భ్రంశాల మీద పడుతుంది. గోదావరి లోయే అలాంటి భ్రంశాల సృష్టి. దాదాపు సమాంతరంగా సాగే రెండు వరసల భ్రంశాల మధ్య నేల కుంగి, ఆ గుంటలో ఇసుకా బురదా పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు అక్కడిదే. ఈ లోయను వివరంగా పరిశీలించిన భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ గ్రంథం 1881లోనే వచ్చింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. కాబట్టి అదే లోయలోని ములుగు కదలడంలో వింతేమీ లేదు. అసలు అద్భుతం ఆ కదలిక మనకు చేరిన తీరులో ఉంది.

రాయి ఒక్కసారి జారితే రెండు రకాల తరంగాలు ఒకేసారి బయల్దేరతాయి. వాటిని బడి ఆవరణలోనే చూడొచ్చు. పదిమంది పిల్లల్ని వరసగా నిలబెట్టి, ముందున్నవాళ్ల భుజాల మీద చేతులు వేయించండి. వెనక చివరివాణ్ని మెల్లగా ముందుకు తోస్తే ఆ తోపు వరస మొదటిదాకా పోతుంది, పిల్లలు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. అది పి తరంగం. ఈసారి అతణ్ని పక్కకి ఊపండి. ఊపు భుజం నుంచి భుజానికి పాకుతుంది. అది ఎస్ తరంగం. ఇప్పుడు చేతులు తీసేయించి మళ్లీ పక్కకి ఊపండి. ఊపు ఆ ఒక్కడితోనే ఆగిపోతుంది. నీళ్లలో అణువుల మధ్య అలాంటి పట్టు లేదు. అందుకే ఎస్ తరంగం గోదావరి నీళ్లలోంచి సాగదు, నది అడుగున రాతిలోంచి పోవాల్సిందే.

రాయిని నొక్కి కుదించడం కన్నా పక్కకి జరపడం తేలిక. ఎంత గట్టిగా ఎదిరిస్తే తరంగం అంత వేగంగా దూసుకుపోతుంది. అందుకే పి తరంగం పైపొర రాళ్లలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు వెళ్తే, ఎస్ తరంగం మూడున్నర దగ్గరే ఉంటుంది. కిలోమీటరుకు కొంచెం చొప్పున వెనకబడుతూ వస్తుంది. ములుగు నుంచి రాజమహేంద్రవరం సుమారు 230 కిలోమీటర్లు. లెక్క ప్రకారం పి తరంగం 38 సెకన్లకు చేరుతుంది, ఎస్ తరంగం 65 దాటాక. తేడా 27 సెకన్లు. దీన్ని తిరగేయండి! తేడాను 8.4తో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. భూకంపం ఎప్పుడు మొదలైందో తెలియకపోయినా సరే, రెండు తరంగాల మధ్య ఎడం చాలు.

ఇంత సులువైన సంగతి చాలాకాలం ఎవరికీ చిక్కలేదు. రెండు తరంగాలు ఉండాలని ఫ్రెంచి గణితవేత్త పాసాన్ 1830 ప్రాంతంలోనే కాగితం మీద తేల్చాడు. 1849లో ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మాలెట్ డబ్లిన్ దగ్గర కిలినీ తీరంలో తుపాకిమందు పాతిపెట్టి పేల్చాడు. దూరంగా పాదరసం పాత్ర పెట్టి, అందులోని ప్రతిబింబం ఎప్పుడు చెదురుతుందో కనిపెట్టి చూశాడు. గ్రానైటులో తరంగ వేగం సెకనుకు సుమారు 500 మీటర్లన్నాడు. నిజానికి గట్టి గ్రానైటులో అది సుమారు 5 కిలోమీటర్లు. తొలి సన్నని వణుకు ఆ పాదరసానికి ఆనలేదు, వెనక వచ్చిన పెద్ద కదలికనే అతను లెక్కగట్టాడు. ఆ చిక్కు విప్పినవాడు మన దేశంలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి. 1897 జూన్ 12 నాటి అస్సాం మహాభూకంపం ఇటలీలోని పరికరాల మీద గీసిన గీతలు తెప్పించుకుని, వాటిలో పి, ఎస్, ఉపరితల తరంగాలను విడదీశాడు. 1906లో ఇలాంటి గీతలతోనే భూమికి కేంద్రకం ఉందని చూపించాడు. అస్సాం దుఃఖం భూగర్భానికి కిటికీ తెరిచింది.

ఇక మీరే అట్లాసు, కంపాసు తీయండి. ములుగు భూకంపానికి లెక్క ప్రకారం హైదరాబాదులో తేడా 25 సెకన్లు, అంటే 210 కిలోమీటర్లు. ఆ వ్యాసార్ధంతో హైదరాబాదు చుట్టూ వృత్తం గీయండి. రాజమహేంద్రవరం చుట్టూ 27 సెకన్ల తేడాకు సరిపోయే 227 కిలోమీటర్లతో ఇంకోటి. రెండూ రెండు చోట్ల కోసుకుంటాయి. ఒకటి ములుగు అడవుల్లో, రెండోది అద్దంకి చుట్టుపక్కల. ఊహతో ఎంచుకుందామంటే కుదరదు, ఒంగోలు ప్రాంతంలోనూ 1967 మార్చిలో భూకంపం వచ్చింది. అప్పుడు విశాఖపట్నాన్ని అడగాలి. అక్కడ తేడా 40 సెకన్లు, దూరం 336. మూడో వృత్తం అద్దంకిని వదిలేసి ములుగు మీదుగా పోతుంది! పెన్సిలు ఎంత పదునుగా ఉన్నా మూడూ ఒకే చుక్క దగ్గర కలవవు, చిన్న త్రిభుజం మిగులుతుంది. తరంగం లోతు నుంచి ఏటవాలుగా వస్తుంది, రాళ్లన్నీ ఒకే రకం కావు. ఇప్పుడు కంప్యూటర్లు ఎన్నో కేంద్రాల సమయాలు కలిపి, లోతునూ లెక్కలోకి తీసుకుని ఆ త్రిభుజాన్ని కుదిస్తాయి. ఢిల్లీవాళ్ల కిటుకు ఇదే.

ఉపయోగం ఏమిటంటారా? జపాన్ 2007 నుంచి పి తరంగాన్ని పట్టుకుని, ఎస్ తరంగం రాకముందే ప్రజలను హెచ్చరిస్తోంది. మనకు ఇంకో జాగ్రత్త కావాలి. 2002 నాటి దేశ భూకంప ప్రమాద పటంలో గోదావరి డెల్టా మూడో జోన్‌లో ఉంది. మెత్తని ఒండ్రులోకి వచ్చిన ఎస్ తరంగం నెమ్మదించి ఊపు పెంచుకుంటుంది. 1985లో మూడొందల కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టిన భూకంపం పాత సరస్సు మట్టి మీద కట్టిన మెక్సికో నగరంలో ఎన్నో భవనాలను కూల్చింది. అయినా ఒండ్రు మీద, కింద గోడలు లేకుండా స్తంభాల మీదే అపార్టుమెంట్లు లేపుతున్నాం. బడిలో పి, ఎస్‌ల నిర్వచనాలు బట్టీ పట్టించి రెండు మార్కులతో సరిపెడుతున్నాం. ఆ పిల్లల చేతికి ఒక్కసారి కంపాసు ఇచ్చి చూడండి, పాఠం జన్మలో మరిచిపోరు.

ఈసారి నేల వణికితే ముందు బల్ల కిందికి దూరండి. అక్కడినుంచే తొలి అదురుకూ తర్వాతి పెద్ద ఊపుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, ఎనిమిదితో హెచ్చవేయండి. ప్రకటన వచ్చాక మీ దూరంతో సరిచూసుకోవచ్చు.