మొక్కల దీపం మాట వినకపోతే...

మీ కళాశాల ప్రయోగశాలలో గాజు సీసాల్లో టిష్యూకల్చర్ అరటి మొక్కలు పెరుగుతున్నాయనుకోండి. అరలపై ఎనిమిది ఎల్‌ఇడి దీపాలున్నాయి. మొక్కలు లేతవి కాబట్టి నాబ్ తిప్పి వెలుగు తగ్గించి ఉంచారు. ఒక ఉదయం తలుపు తీసేసరికి దీపాలన్నీ నిండుగా వెలిగిపోతున్నాయి! నాబ్ ఎటు తిప్పినా తగ్గడం లేదు. ఇలాగే వదిలేస్తే లేత ఆకులు పాలిపోతాయి. మరి దీపాలన్నీ పాడయ్యాయా? కొత్తవి కొనాల్సిందేనా? తొందరపడకండి. ముందు ఆ దీపాలు ఎలా పనిచేస్తాయో చూద్దాం.

వోల్టేజి ఎవరిది?

ఇలాంటి దీపాలకు రెండు రకాల తీగలుంటాయి. లావు తీగలు 230 వోల్టుల విద్యుత్తును తెస్తాయి. సన్నని జత ఆజ్ఞను మాత్రమే మోస్తుంది. ఆ జత మధ్య 10 వోల్టులుంటే నిండు వెలుగు, 5 వోల్టులుంటే దాదాపు సగం. 1 వోల్టు దగ్గర చాలా దీపాలు పదో వంతు వెలుగుతో ఆగిపోతాయి తప్ప ఆరవు. అందుకే రాత్రివేళ చీకటి కావాలంటే వేరే స్విచ్చి ఉండాలి.

ఈ వోల్టేజిని నాబ్ పంపుతుందని మనం అనుకుంటాం. సాధారణంగా వాడే పద్ధతిలో జరిగేది వేరు. దీపంలోని డ్రైవరే సన్నని జతలోకి అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహాన్ని పంపుతుంది. నాబ్ దానికి నిరోధాన్ని మాత్రమే కల్పిస్తుంది. డ్రైవరు 100 మైక్రోఆంపియర్లు పంపుతుందనుకుంటే, 100 కిలోఓముల నిరోధం మీద ఓమ్ సూత్రం ప్రకారం 10 వోల్టులు వస్తాయి. దీపాలు ఎనిమిదైతే ప్రవాహం కూడా ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు 12.5 కిలోఓములకే 10 వోల్టులు వచ్చేస్తాయి. ఒక దీపానికి సరిపోయే నాబ్‌కు ఎనిమిది దీపాలు తగిలిస్తే, కొద్దిగా తిప్పగానే వెలుగు నిండుకు చేరుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా మార్పుండదు. అది నాబ్ లోపం కాదు, ఎంపికలో పొరపాటు.

రెండు లోపాలు, రెండు లక్షణాలు

సన్నని తీగ తెగితే నిరోధం అనంతమైనట్లే. వోల్టేజి 10కి ఎగబాకుతుంది, దీపం నిండుగా వెలుగుతుంది. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే వోల్టేజి సున్నా అవుతుంది, దీపం మసకబారుతుంది. అంటే తీగ తెగితే వెలుగు పెరుగుతుంది, తీగలు కలిస్తే తగ్గుతుంది!

మరో తేడా గమనించండి. తీగ తెగితే, తెగిన చోటుకు అవతలనున్న దీపాలు మాత్రమే నాబ్ మాట వినవు. తీగలు కలిస్తే వరుస మొత్తం మసకబారుతుంది. ఒకే ఒక్క దీపానికి ప్లస్, మైనస్ తారుమారైనా తరచుగా ఇదే ఫలితం కనిపిస్తుంది.

మన ప్రయోగశాలలో ఎనిమిది దీపాలూ నిండుగా వెలుగుతున్నాయి కదా! కాబట్టి నాబ్‌కూ మొదటి దీపానికీ మధ్య తీగ తెగి ఉండాలి, లేదా నాబ్ లోపలే తెగి ఉండాలి. మల్టీమీటరును డి.సి. వోల్టులకు పెట్టి, మొదటి దీపం దగ్గర సన్నని జతను కొలవండి. తర్వాత నాబ్ దగ్గర కొలవండి. దీపం దగ్గర 10, నాబ్ దగ్గర 0 వస్తే తెగింది మధ్య తీగే. రెండు చోట్లా 10 వస్తే నాబ్‌ను అనుమానించాలి.

సగం సగం వెతకండి

అన్నీ మసకబారితే ఎలా? మెయిన్ స్విచ్చి ఆపి, నాలుగో దీపం తర్వాత సన్నని జతను విడదీసి, మళ్లీ వేయండి. మొదటి నాలుగూ నాబ్ మాట వింటే లోపం తర్వాతి నాలుగింటి వైపు ఉంది. వినకపోతే మొదటి భాగంలోనే ఉంది. ఆ భాగాన్ని మళ్లీ సగం చేయండి. ఎనిమిది దీపాల్లో దోషిని పట్టుకోవడానికి మూడు పరీక్షలు చాలు. దొరికిన దీపం నుంచి సన్నని జతను పూర్తిగా తీసేసి, చివరలు తగలకుండా ఉంచి వెలిగించండి. నిండుగా వెలిగితే దీపం బాగున్నట్లే. లోపం దాని తీగలోనో కనెక్షన్‌లోనో ఉంది. అప్పటికీ మసకగానే ఉంటే డ్రైవరును మార్చాలి.

జాగ్రత్తలు

సన్నని జతలో వోల్టేజి తక్కువే అయినా, అదే పెట్టెలో పక్కనే 230 వోల్టులుంటాయి. పెట్టె మూత తెరిచే పని, మూత తీసి కొలిచే పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి. తీగల రంగును నమ్మకండి. అమెరికాలో మైనస్ తీగకు వాడే బూడిద రంగు స్థానంలో 2022 నుంచి గులాబీ రంగు వచ్చింది. డ్రైవరు మీద అచ్చువేసిన ప్లస్, మైనస్ గుర్తులనే చూడండి. కొన్ని నియంత్రకాలు తామే వోల్టేజిని పంపుతాయి. వాటికి పై లెక్కలు వర్తించవు కాబట్టి ముందు వాటి వివరాల పత్రం చదవండి.

చివరగా ఒక ప్రశ్న. తీగ తెగితే దీపం ఆరిపోకుండా నిండుగా వెలగడం మెట్ల దారిలో మనకు మేలే. లేత మొక్కలకు మాత్రం అదే కీడు. మీరే ఈ పద్ధతిని రూపొందిస్తే, తీగ తెగినప్పుడు మొక్కల దీపం ఏం చేయాలంటారు? ఆలోచించండి.