ఓరియెంటీరింగ్‌లో ఆల్ టైమ్ గ్రేట్ ఎవరు? మెడల్స్ లెక్కపెడితే సరిపోతుందా?

సచినా, కోహ్లీనా అని మనం టీ కొట్టు దగ్గర గంటలు గంటలు వాదించుకుంటాం కదా. స్వీడన్, నార్వే, స్విట్జర్లాండ్ లాంటి దేశాల్లో ఇలాంటి వాదనే ఇంకో ఆట మీద నడుస్తుంది. ఆ ఆట పేరు ఓరియెంటీరింగ్. ఈరోజు ఆ గొడవ తేల్చడానికి ట్రై చేద్దాం.

ముందు ఆట ఏంటో ఒక్క నిమిషంలో చెప్పేస్తా. చేతికి ఒక మ్యాప్, ఒక కంపాస్. అడవిలో అక్కడక్కడా నారింజ, తెలుపు రంగుల జెండాలు పెడతారు. వాటిని కంట్రోల్స్ అంటారు. ఇచ్చిన వరుసలోనే అన్నిటి దగ్గరికీ వెళ్లి, తక్కువ టైమ్‌లో ఫినిష్‌కి వచ్చినవాళ్లే విన్నర్. ఏ దారిలో వెళ్లాలో ఎవరూ చెప్పరు. పోటీ జరిగే అడవిలోకి ముందే వెళ్లి చూసొస్తామంటే కుదరదు. రేస్ మొదలైన క్షణంలోనే మ్యాప్ చేతికొస్తుంది.

మన ఫోన్ మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో ఒక నీలం చుక్క చూపిస్తుంది కదా. ఇక్కడ ఆ చుక్క ఉండదు. అది మీ బుర్రలో ఉండాలి. అదీ రాళ్ల మీద, బురదలో, ఫుల్ స్పీడ్‌లో పరిగెడుతూ ఉన్నప్పుడు! రెండు నిమిషాలు దారి తప్పారంటే మెడల్ పోయినట్టే.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. గ్రేటెస్ట్ ఎవరు?

చాలామంది వెంటనే చెప్పే పేరు సిమోన్ నిగ్లీ. స్విట్జర్లాండ్ అమ్మాయి. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఆమెకి 23 గోల్డ్ మెడల్స్ ఉన్నాయి. 2003లో సొంత దేశంలో పోటీలు జరిగితే స్ప్రింట్, మిడిల్, లాంగ్, రిలే, నాలుగూ గెలిచింది. 2005లో జపాన్‌లో మళ్లీ నాలుగుకి నాలుగు. స్విస్ వాళ్లు ఆమెని 2003, 2005, 2007 మూడుసార్లు ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకున్నారు. టెన్నిస్, స్కీయింగ్ స్టార్స్ ఉన్న దేశంలో ఒక అడవి ఆటకి అంత గౌరవం దక్కిందంటే ఆలోచించండి.

సో, 23 కాబట్టి కేస్ క్లోజా? ఆగండాగండి.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఎవరైనా ఒక పెద్ద నంబర్ చూపిస్తే, "ఎన్నింటిలో?" అని అడగాలి. వంద టెస్టులు పాసయ్యాయంటే, రాసింది వందా, వెయ్యా అన్నది తెలియాలి కదా. ఇక్కడ కూడా అదే అడుగుదాం.

మొదటి వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ 1966లో ఫిన్లాండ్‌లో జరిగాయి. అప్పుడు ఉన్నవి రెండే పోటీలు. ఒకటి వ్యక్తిగతం, ఇంకోటి రిలే. దాదాపు ఎప్పుడూ రెండేళ్లకోసారే జరిగేవి. 1991లో షార్ట్ డిస్టెన్స్ వచ్చింది. 2001లో స్ప్రింట్ కలిసింది. 2003 నుంచి ప్రతి ఏడాదీ జరగడం మొదలైంది. అంటే పాత తరం ప్లేయర్‌కి రెండేళ్లలో రెండు గోల్డ్‌లకే ఛాన్స్. నిగ్లీ తరానికి అదే రెండేళ్లలో ఎనిమిది.

ఇప్పుడు ఇంకో పేరు చెప్తాను. అన్నికెన్ క్రింగ్‌స్టాడ్, స్వీడన్ తరఫున పరిగెత్తింది. 1981, 1983, 1985, వరుసగా మూడుసార్లు వ్యక్తిగత గోల్డ్. ఆ మూడుసార్లూ రిలే గోల్డ్ కూడా స్వీడన్‌దే, ఆ టీమ్‌లో ఆమె ఉంది. మొత్తం ఆరు. లిస్ట్‌లో చూస్తే 23 పక్కన 6 చాలా చిన్నగా కనిపిస్తుంది. కానీ ఆ మూడు ఛాంపియన్‌షిప్స్‌లో ఒక మనిషి గెలవగలిగినవే ఆరు! ఆరుకి ఆరూ కొట్టేసింది. అంతకంటే ఎక్కువ గెలవడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే అసలు లేవు.

ఇది ఒక్కటే తేడా కాదండోయ్. క్రింగ్‌స్టాడ్ కాలంలో కంట్రోల్ దగ్గరికి వెళ్లి, కార్డుకి పంచ్‌తో చిల్లు పెట్టుకోవాలి. ఇప్పుడు వేలికి తగిలించుకున్న చిప్ చాలు. అప్పుడు మ్యాప్‌లు చేత్తో గీసేవారు. ఇప్పుడు లేజర్ స్కానింగ్ డేటాతో గుట్ట ఎత్తుపల్లాలు కూడా పక్కాగా వస్తున్నాయి. రేస్ అయ్యాక జీపీఎస్‌లో ఎవరు ఎక్కడ ఎన్ని సెకన్లు పోగొట్టుకున్నారో చూసి నేర్చుకోవచ్చు. అంటే ఈ తరానికి పని తేలికైందా? కాదు. ఆ సౌకర్యాలన్నీ పక్కవాళ్లకీ ఉన్నాయి. పోటీ ఇంకా బిగుసుకుంది.

ఈ తరానికి వస్తే స్వీడన్‌కే చెందిన టూవె అలెక్సాండర్‌సన్. 2021లో చెక్ దేశంలో స్ప్రింట్, మిడిల్, లాంగ్, మూడు వ్యక్తిగత గోల్డ్‌లూ ఆమెవే. స్ప్రింట్ అంటే ఊరి సందుల్లో పావుగంట లోపు అయిపోయే రేస్. లాంగ్ అంటే అడవిలో గంటకు పైనే. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే టీ20, టెస్ట్ మ్యాచ్ రెండూ ఒకే వారంలో గెలిచినట్టు. అంతటితో ఆగలేదు. మంచు మీద స్కీ ఓరియెంటీరింగ్‌లో వరల్డ్ ఛాంపియన్. 2018లో కొండల మీద పరిగెత్తే స్కైరన్నింగ్‌లోనూ వరల్డ్ ఛాంపియన్.

మగవాళ్లలో నార్వే ఊలవ్ లుండానెస్ 2016 నుంచి 2019 దాకా వరుసగా నాలుగేళ్లు లాంగ్ గెలిచాడు. కానీ ఎక్కువమంది చెప్పే పేరు ఫ్రాన్స్‌కి చెందిన తియెరీ గియోర్గియూ. మిడిల్ డిస్టెన్స్‌కి రాజు. 2003లో మొదటి మిడిల్ టైటిల్, 2017లో చివరిది. మధ్యలో 14 ఏళ్లు! అతని గురించి ఒక్క రేస్ మాత్రం తప్పకుండా చెప్పాలి. అది అతను గెలవని రేస్.

2009, హంగరీలోని మిష్కోల్ట్స్. మగవాళ్ల రిలే, చివరి లెగ్. ఫ్రాన్స్ తరఫున గియోర్గియూ గోల్డ్ కోసం పరిగెడుతున్నాడు. స్వీడన్, నార్వే, చెక్ రన్నర్లు కూడా మెడల్ పోటీలో ఉన్నారు. దారిలో స్వీడన్ రన్నర్ మార్టిన్ యోహాన్సన్ తొడలోకి ఒక కర్ర లోతుగా దిగిపోయింది. గియోర్గియూ ఆగిపోయాడు. నార్వే ఆండర్స్ నూర్డ్‌బెర్గ్ ఆగాడు. చెక్ రన్నర్ మిఖాల్ స్మోలా కూడా ఆగాడు. ముగ్గురూ మ్యాప్ పక్కన పెట్టి అతన్ని కాపాడే పనిలో పడ్డారు. ఆ నాలుగు దేశాలకీ మెడల్ పోయింది. గోల్డ్ స్విట్జర్లాండ్‌కి వెళ్లింది.

ఏడాదంతా ట్రైనింగ్ చేసింది ఆ రోజు కోసమే. పైగా అది రిలే, అంటే తన ఒక్కడి మెడల్ కాదు, మిగతా ఇద్దరు టీమ్‌మేట్స్ కష్టం కూడా. అయినా ఆగాడు. ఏ మెడల్ లిస్ట్‌లోనూ ఇది కనిపించదు. అతని పేరు వస్తే ఆట తెలిసినవాళ్లు ఆ గోల్డ్‌లతో పాటు ఈ రేస్‌ని కూడా గుర్తు చేసుకుంటారు.

సరే, తప్పించుకోకుండా నా తీర్పు చెప్తాను. నా ఓటు సిమోన్ నిగ్లీకే. కానీ 23 అనే నంబర్ చూసి కాదు. 2008లో మొదటి బిడ్డ, 2011లో కవల పిల్లలు. అందరూ ఇక అయిపోయిందనుకునే టైమ్‌లో 2012లో తిరిగొచ్చి మూడు గోల్డ్‌లు గెలిచింది. 2013లో 35 ఏళ్ల వయసులో స్ప్రింట్, మిడిల్, లాంగ్ మూడూ గెలిచి, ఆ ఏడాదే ఆటకి గుడ్‌బై చెప్పింది. పదేళ్లలో ప్రత్యర్థులు మారారు, అడవులు మారాయి, ఆమె జీవితమే మారింది. మారనిది ఒక్క రిజల్టే.

క్రింగ్‌స్టాడ్ ఆమె కంటే తక్కువని నేను అనను. ఆమెకి అన్ని పరీక్షలు రాసే ఛాన్స్ రాలేదు, అంతే. రాసినవాటిలో మాత్రం నూటికి నూరు.

అందుకే ఈసారి ఏ ఆటలోనైనా ఎవరు గ్రేట్ అని ఫ్రెండ్స్‌తో వాదన మొదలైతే, మెడల్స్ ఎన్ని అని అడగండి, తప్పు లేదు. దాంతో పాటు ఇంకో రెండు అడగండి. ఎన్ని ఛాన్సుల్లో గెలిచారు? గెలుపు కంటే పెద్దది ఎదురైనప్పుడు ఏం చేశారు? అప్పుడు వాదన త్వరగా తేలకపోవచ్చు గానీ, వాదించుకోవడానికి మాత్రం భలే ఉంటుంది.

మీ ఓటు ఎవరికో ఆలోచించి పెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై అండీ.