చలి నేర్పిన కళలు

మన కళాశాల వార్షికోత్సవానికి విచ్చేసే ముఖ్య అతిథి భుజాలపై ప్రతి సంవత్సరం మనం ఒక శాలువ కప్పుతాం. కవికైనా, పండితునికైనా, పదవీ విరమణ చేసే ఉపాధ్యాయునికైనా శాలువ కప్పనిదే తెలుగునాట సన్మానం పూర్తి కాదు. 'శాల్' అనే పారసీక పదమే మన నోట 'శాలువ' అయింది. పదం మన ఇంటిది అయిపోయింది గాని, ఆ వస్త్రం ఏ ఇంట పుట్టిందో, ఏ ఋతువులో పుట్టిందో మనలో ఆలోచించేవారు తక్కువ. మంచుతో తలుపులు మూసుకుపోయిన ఇంట్లో, నిప్పుల కుంపటి చెంత కూర్చున్న మనుషుల చేతుల్లో దానికి ఆ సొగసు వచ్చింది.

మన ప్రాంతంలో చలి కొద్ది వారాల అతిథి. ఒక దుప్పటి, ఒక చలిమంట చాలు. కాశ్మీర లోయలో అలా కాదు. అక్కడ చలి ఇంటి యజమానిలా నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. అట్టి చలిలో కాశ్మీర గృహస్థులు కేవలం ప్రాణం నిలుపుకొని ఊరుకోలేదు. ఆ నిర్బంధాన్నే విద్యగా మార్చుకున్నారు. అది ఎట్లా సాధ్యమయిందో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

నలభై రోజుల చలి

శ్రీనగరం సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ప్రజలు శీతకాలపు నడిమి భాగాన్ని మూడుగా విభజించుకున్నారు. డిసెంబరు 21 నుండి నలభై రోజులు 'చిల్లా-ఎ-కలాన్', అనగా పెద్ద చలి. ఆ తరువాతి ఇరవై రోజులు 'చిల్లా-ఎ-ఖుర్ద్', చిన్న చలి. చివరి పది రోజులు 'చిల్లా-ఎ-బచ్చా', పిల్ల చలి. 'చిల్లా' అంటే నలభై రోజుల దీక్ష అని ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. దీక్షకు వాడే మాటనే చలికి పెట్టడంలో ఆ ప్రజల మనస్సు కొంత వ్యక్తమవుతున్నది.

ఈ రోజుల్లో పగలు సుమారు పది గంటలే. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు జారుతుంది. 2021 జనవరిలో శ్రీనగరంలో అది సున్నాకు దిగువన 8.4 డిగ్రీలకు చేరింది. అంతటి చలి ముప్పై ఏళ్లలో రాలేదు. దాల్ సరస్సు పైభాగం గడ్డకడుతుంది, గొట్టాలలో నీరు బిగుసుకుపోతుంది. అయినా తొలి మంచు కురిసిన రోజున అక్కడివారు ఒకరికొకరు 'నవ షీన్ ముబారక్' అని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. షీన్ అంటే మంచు. కష్టకాలాన్ని శుభాకాంక్షతో ఆహ్వానించే సంప్రదాయం అది.

ముందుచూపు

శీతకాలపు సుఖం శీతకాలంలో సిద్ధించదు, వేసవిలోనే దానికి పునాది పడాలి. పూర్వం మంచు కురిస్తే పర్వతమార్గాలు మూసుకుపోయి లోయకు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. కాబట్టి వేసవిలోను, శరత్తులోను వంకాయలు, సొరకాయలు, టమాటాలు, టర్నిప్ దుంపలు కోసి, దారాలకు గుచ్చి, ఎండబెట్టి దాచుకొనేవారు. చేపలను కూడ అట్లే ఎండబెట్టేవారు. ఈ ఎండుకూరలకు 'హొఖ్ స్యూన్' అని పేరు. మన తెలుగు ఇళ్లలో వేసవిలో మేడ మీద వడియాలు, ఒరుగులు ఎండబెట్టే ఆడవారి శ్రమను ఎరిగినవారికి ఇది కొత్త కాదు. మనం వానలకు దాచుకుంటాం, వారు మంచుకు దాచుకుంటారు.

1956లో జవహర్ సొరంగం తెరుచుకున్నది. 2025 జూన్‌లో రైలుబండి జమ్మూ ప్రాంతం నుండి నేరుగా శ్రీనగరం చేరింది. ఇప్పుడు చలికాలంలో కూడ తాజా కూరలు దొరుకుతున్నాయి. అయినా ఎండుకూరల వాడుక పోలేదు. అవసరం తీరినా రుచి మిగిలింది.

వెచ్చదనం

కాశ్మీరీయుల వెచ్చదనానికి మొదటి సాధనం 'కాంగ్రీ'. ఒక చిన్న మట్టి కుండ, దాని చుట్టూ అల్లిన పుల్లల బుట్ట, పైన పట్టుకొనే పిడి. కుండలో బొగ్గుల పొడి, దానిపై నిప్పులు, నిప్పులపై బూడిద. రాలిన చినార్ ఆకులను కాల్చి చేసిన బొగ్గు కూడ ఇందుకు వాడతారు. బూడిద కప్పడంలోనే నేర్పు ఉంది. అది నిప్పును ఆర్పదు, తొందరపడనీయదు. బుట్టకు కట్టిన చిన్న గరిటెతో అప్పుడప్పుడు కదిలిస్తే గంటల తరబడి వేడి నిలుస్తుంది. 'ఫెరన్' అనే వదులైన పొడవాటి ఉన్ని అంగీ తొడుక్కొని, దాని లోపల కాంగ్రీని పెట్టుకొని తిరుగుతారు.

అయితే కాంగ్రీలో కీడు లేదనుకోరాదు. చర్మానికి ఆనించి ఏళ్ల తరబడి వాడేవారికి పొట్టపైన, తొడలపైన ఒక విధమైన పుట్టకురుపు వస్తున్నదని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే వ్రాశాడు. ఇక మూసిన గదిలో బొగ్గులు కాలితే పుట్టే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన మన్యప్రాంతాల చలిలో గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించేవారు కూడ ఈ మాట గుర్తుంచుకోవాలి. కిటికీ కొంత తెరిచి ఉంచాలి, పడుకొనే ముందు కుంపటిని బయట పెట్టాలి.

కలిగినవారి ఇళ్లలోను, మసీదులలోను 'హమామ్' ఉంటుంది. రాతి పలకల నేల కింద కట్టెలు మండిస్తే ఆ గది అంతా వెచ్చబడుతుంది. పాతకాలపు ఇళ్లలో చెక్క జాలీల కిటికీలకు చలికాలంలో కాగితం అంటించేవారు. గాలి ఆగేది, కొంత వెలుతురు వచ్చేది. సమోవార్‌లో గులాబీరంగు ఉప్పు తేనీరు కాగుతూ ఉంటుంది. రాత్రంతా ఉడికించి మెదిపిన మాంసపు 'హరీసా' తెల్లవారుజామున సిద్ధమవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వెచ్చని గది ఇంటికి ఒకటే. కాబట్టి ముసలివారు, పిల్లలు, పనివారు అందరూ అక్కడికే చేరాలి. పెద్దవారి చేతిపని పిల్లల కళ్ల ముందే సాగుతుంది. వేరే బడి, వేరే గంట అక్కరలేకుండానే విద్య ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది.

చేతికి పని

కాశ్మీరపు హస్తకళలు సంవత్సరమంతా సాగేవే. కాని పొలం పనులు లేని శీతకాలం వాటికి మంచి అదను. పదిహేనవ శతాబ్దంలో లోయను పాలించిన సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ ఈ కళలను ఎంతో పోషించాడని చరిత్ర చెబుతున్నది.

వాటిలో శాలువది అగ్రస్థానం. లదాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమి నాలుగువేల మీటర్లకు పైబడిన ఎత్తున ఉంటుంది. అక్కడి మేకలకు కఠినమైన చలిని తట్టుకొనుటకు పైవెంట్రుకల కింద అతి సన్నని నూగు పెరుగుతుంది. చలి తగ్గగానే అది ఊడివస్తుంది, దువ్వి తీస్తారు. అదే పష్మీనా. అనగా చలి లేనిదే ఆ ఉన్నియే లేదు. కాశ్మీర స్త్రీలు దానిని బియ్యపు పిండితో శుభ్రపరచి, రాట్నంపై సన్నని నూలుగా వడుకుతారు.

'కానీ' శాలువను నేయడానికి నాడె ఉండదు. రంగురంగుల నూలు చుట్టిన చిన్న చిన్న కొయ్య పుల్లలతో పువ్వును మగ్గంపైనే నేస్తారు. ఏ వరుసలో ఏ రంగు ఎన్ని పోగులకు రావాలో సంకేతలిపిలో వ్రాసిన కాగితం ఒకటి ఉంటుంది. దాని పేరు 'తాలీమ్'. మన ఉర్దూలో 'విద్య' అనే అర్థమిచ్చే మాటే అది. మంచి కానీ శాలువకు నెలలు చాలవు, కొన్నిటికి ఏడాది దాటుతుంది. 'సోజనీ' అనే సూదిపని కూడ ఇట్టిదే. దానిని పురుషులు సైతం చేస్తారు, సూది ఆడవారిదని ఎవరూ నవ్వరు.

విద్యార్థులకు మరింత దగ్గరి కళ కాగితపు గుజ్జు పని. దీనికి పూర్వనామం 'కార్-ఎ-కలమ్‌దానీ', అనగా కలముల పెట్టె పని. పాత కాగితాలను కొన్నాళ్లు నానబెట్టి, రోట్లో దంచి, అన్నపు గంజితో కలిపి, అచ్చుపై పొరలుగా పరుస్తారు. ఎండిన తరువాత కోసి, అచ్చు తీసి, మళ్లీ అతికి, నునుపు చేసి, సన్నని కుంచెతో పూలు, పిట్టలు చిత్రించి, వార్నిషు పూస్తారు. పారవేసిన కాగితం నుండి తరతరాలు దాచుకొనే పెట్టె పుడుతుంది.

ఈ పనులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. పదార్థం కొద్ది, కాలం విస్తారం. ఎవరికి కాలం విస్తారంగా ఉన్నదో వారికే ఇవి సాధ్యం. చలి వారి నుండి పొలాన్ని, బాటను లాగుకొని కాలాన్ని మాత్రం చేతికిచ్చింది. ఆ కాలాన్ని వారు వృథా చేయలేదు.

2021లో యునెస్కో సంస్థ శ్రీనగరాన్ని హస్తకళల, జానపద కళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. సంతోషమే. కాని యంత్రంపై గంటలలో నేసిన నకిలీ శాలువ అదే పేరుతో అమ్ముడుపోతూ ఉంటే, ఏడాది నేసినవాని కూలి ఎట్లా గిట్టుబాటు అవుతుంది? కూలి గిట్టనప్పుడు కొడుకు తండ్రి పక్కన కూర్చోడు. వెచ్చని గది ఉంటుంది, నేర్పే చేయి ఉంటుంది, నేర్చుకొనే చేయి ఉండదు.

మన ఇంటి మాట

ఈ మాట వ్రాసే అర్హత నాకు ఉన్నదా అని సంకోచించాను. నేను దూదేకుల కుటుంబంలో పుట్టినవాడిని. మా తాతగారు చలికాలం వచ్చిందంటే దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పరుపులు, రజాయిలు కుట్టేవారు. ఆ నారి మ్రోత వింటే వీధిలో పిల్లలు చేరేవారు, నేను మాత్రం ఇంట్లో దాక్కొనేవాణ్ణి. బడిలో తాతగారి వృత్తి అడిగితే 'వ్యాపారం' అని చెప్పాను. "ఒక్కసారి చేయి వేసి చూడరా, దూది నీతో మాట్లాడుతుంది" అని ఆయన పిలిచినప్పుడు "చదువుకోవాలి తాతా" అని తప్పుకున్నాను. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చేసరికి ఆయన లేరు. విల్లు అటక మీద ఉంది, నారి తెగిపోయింది. దానిని మళ్లీ ఎట్లా బిగించాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరో కాశ్మీర నేతగాని 'తాలీమ్'ను గూర్చి తరగతిలో గొప్పగా చెప్పే నేను, మా ఇంటి తాలీమ్‌ను చేజేతులా పోగొట్టుకున్నాను.

కావున విద్యార్థినీ విద్యార్థులారా! వచ్చే సంక్రాంతి సెలవులలో మీ ఇంట ఒక పెద్దవారి పక్కన కూర్చొనండి. అమ్మమ్మ బొంత కుట్టే తీరు గాని, నాన్నగారి మగ్గపు పని గాని, ఖుష్‌ఖత్ వ్రాసే పెద్దాయన కలం పట్టు గాని, ఏదో ఒకటి చేతితో నేర్చుకొని రండి. పాత నోటు పుస్తకాలు అమ్మివేయక, నానబెట్టి ఒక కలముల పెట్టె చేసి చూడండి. మొదటిది వంకరగా వస్తుంది. రానివ్వండి.

కళాశాల సంఘం పెద్దలకు ఒక సవినయ విన్నపం. వచ్చే వార్షికోత్సవంలో అతిథికి కప్పే వస్త్రం ఏదైనా సరే, అది చేతితో నేసినదై ఉండాలి. నేసినవారి పేరు, ఊరు వేదికపై చదివితే మరీ మంచిది. ఆ పేరు విన్న పిల్లలలో ఒక్కరైనా తమ తాతగారి వృత్తిని తలవంచుకోకుండా చెప్పగలుగుతారు.